మీ ఇంటి దగ్గరి చింతచెట్టుకు ఒక డైరీ



గత నవంబర్‌లో నాలుగో తరగతి పిల్లలకు 'సీజన్స్' పాఠం చెప్తున్నాను. పుస్తకంలో నాలుగు బొమ్మలు ఉన్నాయి. 'ఆటమ్' అని రాసిన బొమ్మలో ఎర్రటి, నారింజ రంగు ఆకులు రాలుతున్న చెట్టు, దాని కింద కోటు వేసుకున్న అబ్బాయి. "సెప్టెంబర్ నుంచి నవంబర్ వరకు చెట్ల ఆకులు రాలతాయి" అని బోర్డు మీద రాశాను. మూడో బెంచీలో కూర్చున్న పాప కిటికీ వైపు చూసి, "మిస్, ఇది నవంబరే కదా, మరి బయట చింతచెట్టు నిండా ఆకులున్నాయి?" అని అడిగింది.

నేనూ చూశాను. వానలు పడి వెళ్ళిన తర్వాత చెట్టు ముదురు పచ్చగా, నిండుగా ఉంది. సిలబస్ వెనకబడి ఉంది, పీరియడ్ అయిపోవస్తోంది. "అది వేరేమ్మా, ఎగ్జామ్‌లో మాత్రం ఇదే రాయాలి" అన్నాను. పాప అలాగే రాసింది. ఫుల్ మార్కులు వేశాను.

ఆ మార్కులు వేస్తున్నప్పుడే నాకు ఇబ్బందిగా అనిపించింది. కళ్ళతో చూసి సరైన ప్రశ్న అడిగిన బిడ్డకు, చూసింది పక్కన పెట్టి చెప్పింది రాయమని నేర్పాను. పుస్తకంలో తప్పు లేదు. అది మంచు పడే దేశాల సంగతి. నేల గడ్డకట్టే చలిలో అక్కడి చాలా చెట్లు ఆకులు నిలుపుకోలేవు. మన దగ్గర చెట్టుకు కష్టకాలం చలి కాదు, నీళ్ళు లేని ఎండాకాలం. ఈ ఒక్క మాట ఆ రోజు చెప్పి ఉంటే సరిపోయేది.

అందుకే ఈ నెల మీకో పని చెప్తున్నాను. మీ పిల్లలతో కలిసి ఒకే ఒక్క చెట్టును ఏడాది పాటు చూడండి. వారానికి పది నిమిషాలు చాలు. ఖర్చు లేదు, చార్టులు కొనక్కర్లేదు.

చింతచెట్టే ఎందుకు?

మనం ఉన్నది చింతపండు సీమలో. హిందూపురం మార్కెట్ యార్డు చింతపండుకు ఎంత పేరున్నదో మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ రోజుల్లో పేపర్ తెరిస్తే జిల్లా పేజీలో కరిపులి రకం ఇంత, ఫ్లవర్ రకం ఇంత అని క్వింటాల్ ధరలు వేస్తుంటారు. ఊరి బయట చింతతోపులు, చేల గట్ల మీద చింతమాన్లు, గుడి దగ్గర ఒకటి, బస్ స్టాప్ దగ్గర ఒకటి. హిందూపురంలోనైనా, పెనుకొండ కొండ కిందనైనా, ధర్మవరం చెరువు వైపునైనా పిల్లలు నడిచి వెళ్ళగలిగే దూరంలో ఒక చింతచెట్టు దొరుకుతుంది.

ఇంకో కారణం, ఏ నెలలో వెళ్ళినా ఈ చెట్టు మీద చూడటానికి ఏదో ఒకటి ఉంటుంది. మామిడిలాగా రెండు నెలలు సందడి చేసి మిగతా కాలం ఊరుకోదు. పూత నుంచి పండు దాకా చింతకాయకు ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది. అంటే మన స్కూల్ జూన్‌లో తెరిచినప్పుడు పూసిన పువ్వు, పిల్లలు యాన్యువల్ ఎగ్జామ్స్‌కు చదువుకునే సమయానికి పండవుతుంది.

చింతచెట్టు మన దేశంలోనే పుట్టిందని చాలామంది అనుకుంటాం. దాని పుట్టిల్లు ఆఫ్రికా. వేల ఏళ్ళ కిందటే ఇక్కడికి వచ్చి మన చెట్టయిపోయింది. అరబ్బులు ఈ పండును 'తమర్ హిందీ' అన్నారు, 'హిందూదేశపు ఖర్జూరం' అని అర్థం. ఇంగ్లిష్‌లో మనం చెప్పే 'టామరిండ్' అక్కడి నుంచే వచ్చింది. పిల్లలకు ఈ సంగతి చెప్పండి, ఆ స్పెల్లింగ్ మళ్ళీ మర్చిపోరు.

మన వంటింట్లో ఉన్న క్యాలెండర్

చింతచెట్టు సంవత్సరం గురించి మీ ఇంట్లో అవ్వను అడిగితే నాకన్నా బాగా చెప్తారు. ఎందుకంటే ఆ చెట్టులో ఒక్కో మార్పుకు మన వంటింట్లో ఒక్కో వంట ఉంది.

మార్చి, ఏప్రిల్: పండు కోత సాగుతుంటుంది, పాత ఆకు పండి రాలుతుంటుంది. వెనకాలే లేత చిగురు వస్తుంది. లేత పచ్చ రంగులో, కొన్ని చెట్లకు కాస్త ఎరుపు జీరతో ఉంటుంది. ఇది చింతచిగురు పప్పు కాలం.

మే నుంచి జులై: పూత. మొగ్గలు బయటికి గులాబీ ఎరుపులో కనిపిస్తాయి. విచ్చుకున్నాక పసుపు రేకుల మీద ఎర్రటి గీతలు ఉంటాయి. పువ్వు సైజు అంగుళం మాత్రమే కాబట్టి కింద నిలబడి పైకి చూస్తే తెలియదు. తేనెటీగల రొద వినిపిస్తే పూత వచ్చిందని అర్థం.

ఆగస్టు నుంచి అక్టోబర్: లేత కాయలు. సన్నగా, ఆకుపచ్చగా, ఆకుల మధ్య దాక్కుని ఉంటాయి. మన దగ్గర వానలు ఎక్కువగా పడేది కూడా ఈ నెలల్లోనే. చెట్టు అత్యంత పచ్చగా కనిపించే కాలం ఇది.

నవంబర్ నుంచి జనవరి: కాయ ముదురుతుంది. పచ్చి చింతకాయ తొక్కు పెట్టుకునే రోజులు. తర్వాత దోరకాయ వస్తుంది. గీరితే పైపెంకు లోపలి గుజ్జు నుంచి విడిపడుతుంటుంది. స్కూల్ బ్యాగుల్లో ఉప్పూకారం పొట్లాలతో పాటు మాకు దొరికేది ఇదే!

ఫిబ్రవరి, మార్చి: పండు. పెంకు పెళుసుగా అవుతుంది, ఊపితే లోపల గలగలమంటుంది. దులపడం, పెంకు తీయడం, కొట్టి గింజ తీయడం మొదలవుతాయి. మన పల్లెల్లో ఎంతో మంది ఆడవాళ్ళకు ఈ రెండు మూడు నెలలు ఇదే కూలిపని.

ఇవన్నీ సుమారు నెలలు మాత్రమే. వానను బట్టి, నేలను బట్టి, చెట్టును బట్టి ముందూ వెనకా అవుతాయి. పక్కపక్కన ఉన్న రెండు చెట్లలో ఒకటి పూసి, ఇంకొకటి పూయకుండా ఉండటం కూడా మామూలే. ఎంత ముందు, ఎంత వెనక అన్నదే మన పిల్లలు కనిపెట్టాల్సిన విషయం. నేను పైన రాసినదాన్ని చూసి షీట్ నింపేస్తే ఇక చెట్టు దగ్గరికి వెళ్ళే పనే లేదు.

ఎండల్లో చిగురు ఎలా వస్తుంది?

ఈ ప్రశ్న మీ పిల్లలు తప్పకుండా అడుగుతారు. వానలు పడేది జూన్ తర్వాత. మనది ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే సీమ. మరి ఏప్రిల్ ఎండలో, చుక్క వాన లేకుండా చెట్టు లేత ఆకులు ఎలా వేస్తుంది?

జవాబు పాత ఆకులు రాలడంలోనే ఉంది. ఆకుల మీద కంటికి కనిపించని సన్నని రంధ్రాలు ఉంటాయి. వాటి గుండా చెట్టు నీళ్ళు నిరంతరం ఆవిరవుతుంటాయి. ఎండలు ముదిరేకొద్దీ ఈ ఖర్చు పెరుగుతుంది, నేలలో తడి తగ్గుతుంది. ఏడాదిగా పనిచేసి ముసలివైన ఆకులు నీళ్ళను సరిగా పొదుపు చేయలేవు. చెట్టు వాటిని వదిలించుకుంటుంది. ఆకులు తగ్గగానే నీళ్ళ ఖర్చు తగ్గుతుంది. లోతుకు పోయిన వేర్లు తెచ్చే కొద్దిపాటి నీళ్ళు కొమ్మల్లో నిలుస్తాయి. ఆ నీటి బలంతో మొగ్గలు ఉబ్బి చిగురు విచ్చుకుంటుంది. డిసెంబర్ చివరి నుంచి పగటి పొద్దు రోజురోజుకూ పెరుగుతూ ఉండటం కూడా చాలా చెట్లకు ఒక గుర్తులా పనిచేస్తుంది. మన దగ్గర డిసెంబర్ పగటికీ జూన్ పగటికీ తేడా సుమారు గంటన్నరే. ఆ కొద్ది తేడాను కూడా చెట్లు పసిగట్టగలవు.

ఇలా ముందే ఆకులు సిద్ధం చేసుకున్న చెట్టు, మొదటి వాన పడగానే ఒక్క రోజు కూడా వృథా చేయకుండా పని మొదలుపెడుతుంది. బావి పక్కనో, కాలువ పక్కనో నీళ్ళు అందే చింతచెట్టు పూర్తిగా మోడుబారదు. రాతినేల మీద ఉన్నది బాగా పలచబడుతుంది. మీ ఇంటి దగ్గర రెండు రకాలూ ఉంటే పోల్చి చూడమనండి. నేను చెప్పిన ఈ కారణం వాళ్ళకు అక్కడే కనిపిస్తుంది.

ఇంకో సరదా విషయం. సాయంత్రం ఐదింటికి ఒకసారి, చీకటి పడుతుండగా ఇంకోసారి అదే కొమ్మను చూడండి. ఒక్కో చింతాకు ఈనెకు పది నుంచి పద్దెనిమిది జతల చిన్న ఆకులు ఉంటాయి. రాత్రికి ఆ జతలన్నీ దగ్గరికి ముడుచుకుంటాయి. ప్రతి చిన్న ఆకు మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే చోట నీటి ఒత్తిడి మారడం వల్ల ఇలా జరుగుతుంది. తెల్లవారితే మళ్ళీ తెరుచుకుంటాయి.

ఎలా చూడాలి, ఏం రాయాలి?

1. చెట్టును పిల్లలే ఎంచుకోవాలి. ఇంటికి దగ్గరగా, దారిలో పడేట్టు ఉంటే మంచిది. ఒకసారి ఎంచుకున్నాక ఏడాదంతా అదే చెట్టు. దానికి పేరు పెట్టుకోనివ్వండి.

2. చెట్టు ఎవరిదో వాళ్ళను అడిగి అనుమతి తీసుకోండి. చేలో చెట్టయితే రైతును, గుడి చెట్టయితే పూజారిగారిని. ఆ మాటల్లోనే సగం పాఠం దొరుకుతుంది. "పోయినేడు కాపు ఎట్లుండె?" అని అడగమనండి.

3. వారానికి ఒక రోజు, వీలైతే ఒకే సమయం. ఎండాకాలంలో ఉదయం ఏడింటి లోపు, లేదా సాయంత్రం ఐదున్నర తర్వాత.

4. మొదటి రోజు ఒక దారం చుట్టి మాను చుట్టుకొలత కొలిచి రాసుకోండి. ఏడాది తర్వాత మళ్ళీ అదే ఎత్తులో కొలవాలి. నేల నుంచి ఎంత ఎత్తులో కొలిచారో కూడా రాయండి.

5. ప్రతి వారం ఏడు విషయాలు చూడాలి: చిగురు, ముదురు ఆకు, పండుటాకు, మొగ్గ, పువ్వు, కాయ, పండు.

6. ఒక్కోదానికి మూడు మాటల్లో ఒకటి రాయాలి: 'లేదు', 'కొంచెం', 'ఎక్కువ'. చెట్టులో మూడో వంతు కన్నా తక్కువ భాగంలో కనిపిస్తే 'కొంచెం', అంతకు మించితే 'ఎక్కువ'. లెక్కపెట్టక్కర్లేదు, కొంచెం దూరం జరిగి చెట్టు మొత్తాన్ని చూసి చెప్తే చాలు.

7. తేదీ, ఆ వారంలో వాన పడిందా లేదా, చెట్టు మీద కనిపించిన పక్షి, చీమ, ఉడుత ఏదైనా ఒక లైన్‌లో రాయాలి.

నమూనాగా ఒక వారం ఇలా ఉంటుంది:

తేదీ: మార్చి 8, ఆదివారం. వాన: పడలేదు. చిగురు: కొంచెం. ముదురు ఆకు: ఎక్కువ. పండుటాకు: కొంచెం. మొగ్గ: లేదు. పువ్వు: లేదు. కాయ: లేదు. పండు: ఎక్కువ. ఇంకేం చూశాను: రెండు ఉడుతలు, కింద రాలిన పెంకులు.

అంతే. ఇంగ్లిష్‌లో రాసినా, తెలుగులో రాసినా పర్వాలేదు. బొమ్మ వేసినా సరే.

చింతచెట్టు అందుబాటులో లేనివాళ్ళు కానుగ, వేప, రావి ఎంచుకోవచ్చు. కానుగ అయితే చిన్న పిల్లలకు ఇంకా బాగుంటుంది. ఈ మార్చి, ఏప్రిల్‌లోనే ఆకులు రాల్చి, కొద్ది రోజుల్లోనే మెరిసే లేత ఆకులు వేసి, పూత కూడా పెట్టేస్తుంది. మార్పు వారం వారం కనిపిస్తుంది.

'లేదు' అని రాయడం

ఇక్కడ నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. గత జూన్‌లో స్కూల్ తెరిచాక మా క్లాస్‌కు ఆరు వారాల 'నా చెట్టు' ప్రాజెక్ట్ ఇచ్చాను. సబ్మిషన్ రోజు వచ్చిన ఫైళ్ళు చూస్తే ముచ్చటేసింది. రంగుల బోర్డర్లు, ప్రింట్ తీసిన పువ్వుల ఫోటోలు, ప్రతి వారం ఏదో ఒక విశేషం. కొన్నింటిలో ఆరు వారాల రాతా ఒకే పెన్నుతో, ఒకే పూటలో రాసినట్టుంది. కొన్నింటిలో రాత పిల్లలది కానే కాదు. వాటన్నిటికీ మంచి మార్కులే వేశాను.

ఒక అబ్బాయి మాత్రం నలిగిన నోట్‌బుక్ పేజీ ఒకటి ఇచ్చాడు. మొదటి వారం పువ్వు లేదు, మొగ్గ లేదు. రెండో వారం లేదు. మూడో వారం లేదు. నాలుగో వారం 'మొగ్గ కొంచెం'. ఐదో వారం 'పువ్వు కొంచెం, తేనెటీగలు'. ఆరో వారం 'జ్వరం, పోలేదు'. పేజీ ఖాళీగా ఉందని పదికి నాలుగు వేశాను.

తర్వాత ఆలోచిస్తే, ఆ క్లాస్ మొత్తంలో ఒక విషయం కచ్చితంగా చెప్పగలిగిన కాగితం అదొక్కటే. మూడో వారం లేదు, నాలుగో వారం ఉంది. కాబట్టి ఆ చెట్టు మొగ్గ తొడిగింది ఆ రెండు తేదీల మధ్యలోనే. 'లేదు' అని ముందు వారం రాయకపోతే, మొగ్గ కనిపించిన రోజే వచ్చిందో, నెల కిందటే వచ్చిందో ఎవరూ చెప్పలేరు. 'ఉంది' అన్న మాటకు విలువ ఇచ్చేది దాని ముందున్న 'లేదు'.

ఆ బాబు చేసిన ఇంకో మంచి పని, 'పోలేదు' అని నిజం రాయడం. 'పువ్వు లేదు' వేరు, 'నేను చూడలేదు' వేరు. సైంటిస్టులు కూడా ఈ రెండింటినీ విడిగా రాసుకుంటారు. ఖాళీ వదిలిన చోట ఊహించి నింపితే మిగతా నిజాలు కూడా పాడవుతాయి. ఆ అబ్బాయిని పిలిచి ఈ విషయం చెప్పి, మార్కులు సరిచేశాను. వాడు నవ్వి ఊరుకున్నాడు.

మూడు ఊళ్ళు, ఒక ప్రశ్న

మన క్యాంపస్‌లు మూడు ఊళ్ళలో ఉండటం ఈ పనికి పెద్ద అనుకూలం. ధర్మవరం సముద్రమట్టానికి సుమారు 350 మీటర్ల ఎత్తులో ఉంది. హిందూపురం సుమారు 620 మీటర్లు. ధర్మవరంలో రైలెక్కి పెనుకొండ మీదుగా హిందూపురం వస్తే మనకు తెలియకుండానే 270 మీటర్లు ఎక్కుతాం. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీలకు పైగా చల్లబడుతుందని ఒక మోటు లెక్క. ఆ లెక్కన ధర్మవరం, హిందూపురం మధ్య ఒకటిన్నర డిగ్రీల దాకా తేడా రావాలి.

మరి ధర్మవరం చింతచెట్లు హిందూపురం చెట్ల కన్నా ముందు చిగురిస్తాయా? ముందు పూస్తాయా? పెనుకొండ చెట్లు ఆ రెండింటి మధ్యలో ఉంటాయా? లేక వేడి కన్నా వాన పడిన రోజే ముఖ్యమా? ఈ జవాబు నేను ముందే చెప్పను. మూడు ఊళ్ళ పిల్లలు ఒకే పద్ధతిలో, ఒకే రోజు చూసి రాస్తే వచ్చే ఏడాదికి మన దగ్గరే జవాబు ఉంటుంది. ఒక్కో ఊరిలో ఒక్కో చెట్టు సరిపోదు, పదుల సంఖ్యలో కావాలి. ఎందుకంటే ఒక చెట్టు తన స్వభావం వల్లే ముందు పూయవచ్చు. మీ బిడ్డ రాసే షీట్ ఆ పదుల్లో ఒకటి.

చెట్ల మార్పుల తేదీలు రాసుకునే ఈ శాస్త్రాన్ని ఫీనాలజీ అంటారు. జపాన్‌లోని క్యోటో నగరంలో చెర్రీ పూలు నిండుగా పూసిన తేదీలు పాత డైరీల్లో, దర్బారు రికార్డుల్లో 812 నుంచి దొరుకుతున్నాయి. వాళ్ళు రాసుకున్నది పూల పండుగ కోసం. ఆ తేదీలన్నీ కలిపి చూస్తే, 2021లో మార్చి 26న వచ్చిన నిండు పూత అప్పటివరకు 1,200 ఏళ్ళలోనే అన్నిటికన్నా ముందు వచ్చినదని తేలింది. భూమి వేడెక్కుతోందనడానికి ఇప్పుడు ఆ డైరీలు ఒక సాక్ష్యం. రాసినవాళ్ళకు ఆ సంగతి తెలియదు, చూసింది చూసినట్టు రాశారంతే.

మన దేశంలో ఈ పని చేస్తున్నది 'సీజన్‌వాచ్'. నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ నడిపే ఈ కార్యక్రమంలో దశాబ్దానికి పైగా స్కూల్ పిల్లలు, టీచర్లు, మామూలు జనం తమ ఊరి చెట్లను చూసి వివరాలు పంపుతున్నారు. పైన నేను చెప్పిన 'లేదు, కొంచెం, ఎక్కువ' పద్ధతి కూడా అలాంటిదే. వాళ్ళ జాబితాలో చింత, వేప, మామిడి ఉన్నాయి. ఆసక్తి ఉన్న పేరెంట్స్ ఫోన్‌లో వాళ్ళ యాప్ వేసుకుని పిల్లల పేరున చెట్టును నమోదు చేయవచ్చు.

మనకు మాత్రం ఇలాంటి అలవాటు లేదా అంటే, ఉంది. ఉగాది పచ్చడి చూడండి. వేపపువ్వు, మామిడికాయ, కొత్త చింతపండు, మూడూ ఒకే సమయంలో చెట్ల మీద ఉండాలి. పెద్దవాళ్ళు సీజన్‌ను గిన్నెలో వేసి మన చేతికి ఇచ్చారు. ఒక్కటే ఇబ్బంది, ఉగాది తేదీ మారుతుంటుంది. 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. చంద్రుడిని బట్టి లెక్కించే సంవత్సరం సుమారు 11 రోజులు చిన్నది. అధిక మాసం వచ్చినప్పుడు మళ్ళీ సర్దుకుంటుంది. కాబట్టి "ఈసారి ఉగాదికి వేపపువ్వు దొరకలేదు" అన్నంత మాత్రాన వేప ఆలస్యమైందని చెప్పలేం. పండుగే ముందు వచ్చి ఉండవచ్చు. అందుకే షీట్‌లో క్యాలెండర్ తేదీ తప్పనిసరి. ఉగాది పచ్చడి చేసేటప్పుడు వేపపువ్వు ఏ చెట్టు నుంచి తెచ్చారో, ఎంత పూసిందో పిల్లలతో రాయించండి. మొదటి రికార్డ్ అదే అవుతుంది.

సెలవుల్లో ఒక పూట: వీరాపురం

చింతచెట్టు ఒక్క మనుషులకే కాదు అని పిల్లలకు చూపించాలంటే చిలమత్తూరు మండలంలోని వీరాపురం తీసుకెళ్ళండి. హిందూపురం నుంచి ఒక పూటలో వెళ్ళి రావచ్చు. ఏటా సంవత్సరం మొదట్లో పెద్ద కొంగలు గుంపులుగా వచ్చి ఊరి నడుమ ఉన్న చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. పిల్లలను పెంచుకుని వానాకాలంలో తిరిగి వెళ్తాయి. ఊరివాళ్ళు వాటిని తరాలుగా కాపాడుకుంటూ వస్తున్నారు. కర్ణాటకలోని కొక్కరె బెళ్ళూరులో కూడా ఇవే పక్షులు ఇలాగే ఊరి చెట్ల మీద ఉంటాయి.

వీటిని చాలామంది సైబీరియా పక్షులు అంటారు. నేను కూడా అలాగే విని, అలాగే చెప్పాను. నిజానికి ఇవి పెయింటెడ్ స్టార్క్‌లు, తెలుగులో ఎర్రకాళ్ళ కొంగలు. మన దేశంలోనే ఉండి, నీళ్ళను, చేపలను బట్టి చెరువుల మధ్య తిరిగే పక్షులు. పసుపు రంగు పొడవాటి ముక్కు, నారింజ రంగు తల, ఛాతీ మీద నల్లని పట్టీ, తోక దగ్గర గులాబీ రంగు ఈకలు. ఇవన్నీ కనిపిస్తున్నాయా అని పిల్లలనే చూసి చెప్పమనండి. విన్న మాటకూ చూసిన దానికీ తేడా అక్కడ తెలుస్తుంది. ఆ చెట్ల మీద ఆ నెలల్లో చిగురు ఎంత, పండు ఎంత అని కూడా ఒక షీట్ నింపి రండి. గూళ్ళ కింద అరవకూడదు, రాళ్ళు వేయకూడదు, డ్రోన్లు ఎగరేయకూడదు.

కొన్ని జాగ్రత్తలు

చిన్న పిల్లలను ఒంటరిగా పంపకండి. చెట్టు ఎక్కనివ్వద్దు. పెద్ద మానుల మీద తేనెతుట్టె ఉందేమో ముందు మీరు చూడండి. పొదలు ఉన్న చోట బూట్లు వేయించండి. రోడ్డు పక్క చెట్టయితే రోడ్డుకు అవతలి వైపు నుంచే చూడవచ్చు. పండు రాలితే ఏరుకునే ముందు చెట్టు యజమానిని అడగమనండి, అది ఒక కుటుంబం ఏడాది ఆదాయం. చింతచెట్టు మీద దయ్యం ఉంటుందని భయపెట్టే అలవాటు ఉంటే ఈ ఏడాదికి మానేయండి!

మీకు ఒక విన్నపం

షీట్ మీరు నింపకండి. అక్షరాలు వంకరగా ఉన్నా, 'కొంచెం' బదులు 'ఎక్కువ' అని రాసినా పర్వాలేదు. వారం తప్పిపోతే 'చూడలేదు' అని రాయించండి. వాట్సాప్ గ్రూప్‌లో వేరేవాళ్ళ ఫోటో చూసి మన చెట్టు ఇంకా పూయలేదని పిల్లలు దిగులుపడితే, మూడు వారాలు 'లేదు' అని రాసిన బాబు కథ చెప్పండి. ఈ ఏడాది మా క్లాస్‌లో ఈ డైరీకి నేను మార్కులు పెట్టడం లేదు. మార్కులు పెడితే మళ్ళీ రంగుల బోర్డర్లే వస్తాయని నాకు తెలిసింది.

ఒక్క ఏడాదికే వాతావరణం మారిపోయిందని తేల్చేయలేం. ఒక్క చెట్టును చూసి ఊరి గురించి చెప్పలేం. దానికి ఏళ్ళు పడుతుంది, చాలా చెట్లు కావాలి. అయితే నాలుగో తరగతిలో మొదలుపెట్టిన పిల్లలు పదో తరగతికి వచ్చేసరికి ఆరేళ్ళ డైరీ చేతిలో ఉంటుంది.

నవంబర్‌లో నన్ను ప్రశ్న అడిగిన పాప మొన్న స్టాఫ్ రూమ్‌కు వచ్చింది. "మిస్, ఇప్పుడు రాలుతున్నాయి" అంది. ఇద్దరం వెళ్ళి చూశాం. కింద ఎండుటాకులు చింతాకంత చింతాకంతగా పరుచుకుని ఉన్నాయి. పై కొమ్మ మీద అప్పుడే చిగురు కనిపిస్తోంది. తేదీ వేసి, 'పండుటాకు: ఎక్కువ, చిగురు: కొంచెం' అని తన నోట్‌బుక్‌లో రాసుకుంది. ఈసారి సరైన జవాబు ఏమిటని నన్ను అడగలేదు.

ఈ ఆదివారం మీరూ మొదలుపెట్టండి. మొదటి వారం షీట్‌ను సోమవారం పిల్లల డైరీలో పెట్టి పంపండి.